అడవిలో బంతిభోజనం

మన భాషలో బంతి అనే మాటకు అర్థాలు చాలా ఉన్నవి. పిల్లవాడు ఆడుకొనేదీ బంతే, సంక్రాంతినాడు గుమ్మానికి తోరణం కట్టే పువ్వూ బంతే. భోజనాల వేళ వడ్డించేవాడు "రెండో బంతి లేచిందా?" అని అడిగినప్పుడు మాత్రం ఆ మాట సంస్కృతపు పంక్తి నుండి దిగివచ్చినది. హిందీవారు దానినే పంగత్ అంటారు. ముప్పై ఏళ్ళుగా ఈ రెండు భాషల నడుమ రాకపోకలు సాగిస్తున్న నాకు ఒక మాట రెండు ఇళ్ళలోను దాదాపు ఒకే వేషంతో ఎదురుకావడం అరుదైన సుఖం. అయితే ఆ వరుసలో ఎవరు కూర్చున్నారో, ఎవరు దాని బయట నిలబడి ఉన్నారో ఏ భాషలోని మాటా తనంత తానుగా చెప్పదు. ఆ సంగతి నేను మండ్లా జిల్లాలో, గజాలూ అడుగులూ లెక్కపెట్టే ఒక పనిలో దుబాసీగా కూర్చుని తెలిసికొన్నాను.

2018 శీతకాలంలో అక్కడి ఒక ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలవారు, పిల్లలందరూ ఆరుబయట ఒకేసారి కూర్చుని భోజనం చేయడానికి అడవి అంచున ఒక చోటు ఏర్పరచుకోదలచినారు. బడి చుట్టూ సాలవనం. సాలవృక్షంతో పరిచయం లేని తెలుగు పాఠకునికి, మనం నిప్పులమీద ధూపం వేసే గుగ్గిలం ఆ చెట్టు బంకే అని చెబితే చాలుననుకొంటాను. వసతిగృహంలో ఎనభైమంది పిల్లలు. ఎక్కువమంది గోండులు, కొద్దిమంది బైగాలు. మధ్యాహ్నపు భోజనానికి ఊరినుండి వచ్చేవారు మరొక ఇరవైమంది. ఉన్న భోజనశాల ఇరుకు, పైగా చీకటి. మూడు నాలుగు బంతులు లేస్తేగాని అందరి భోజనాలూ కావు. చివరి బంతికి వచ్చేసరికి పప్పు పలుచబడిపోతుందని పిల్లలే చెప్పినారు. చివరి బంతిలో ఎప్పుడూ చిన్న తరగతులవారే ఉంటారని కూడా వారే చెప్పినారు.

పటం గీయడానికి విశాఖపట్నం నుండి ఒక యువ వాస్తుశిల్పి వచ్చినది. ఆమెకు తెలుగు, ఇంగ్లీషు బాగా వచ్చును; హిందీ అంతంతమాత్రం. ఊరివారిది గోండీ కలిసిన హిందీ. జబల్పూరులో ఇల్లు కట్టుకొని ఉన్న తెలుగువాణ్ణి కనుక నన్ను రమ్మన్నారు. "నా గీతలకు మీరు మాటలు పెట్టండి మాస్టారూ, చాలు" అన్నది ఆ అమ్మాయి మొదటిరోజున. ఆ పని అంత సులువు కాదని ఇద్దరికీ రెండవరోజునే తెలిసినది.

ఆమె తెచ్చిన మొదటి పటం చూడముచ్చటగా ఉన్నది. నడుమ ఒక మహావృక్షం, ఇప్పచెట్టు. చెరువులో రాయి వేస్తే లేచే వలయాలవలె దాని చుట్టూ మూడు వరుసల రాతి అరుగులు. ఒక ప్రక్కన వెదురు తడిక, దాని వెనుక వంటచోటు. తూర్పువైపున రెండడుగుల ఎత్తున, వచ్చిపోయే అధికారులకు ఒక వేదిక. దీనిని గ్రామసభ ముందు పెట్టవలసి ఉన్నది. అది మర్యాదకోసం చేసే పని కాదు, చట్టం. 2006 నాటి అటవీహక్కుల చట్టం ప్రకారం బడివంటి ప్రభుత్వ సౌకర్యానికి అడవి భూమిని వాడుకోవలెనంటే ఒక్కొక్క పనికి హెక్టారుకంటె తక్కువ నేలే తీసుకోవలెను, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదు, గ్రామసభ సిఫారసు లేనిదే అసలు కుదరదు. మా పటంలో ఒక్క చెట్టయినా కొట్టే పని లేదు. కాబట్టి సభ గంటలో ముగుస్తుందని పాఠశాలవారు అనుకొన్నారు. మూడు సభలు పట్టినవి.

మొదటి ఆక్షేపణ ఇప్పచెట్టు మీదనే వచ్చినది. నేను పటాన్ని వివరించి ముగించగానే ఒక వృద్ధుడు చుట్ట ఆర్పి, "ఆ చెట్టు ఉన్నది ఎవరిదో వారిని అడిగినారా బాబూజీ?" అన్నాడు. కాగితం ప్రకారం ఆ చెట్టు ప్రభుత్వానిది. ఊరి లెక్కలో అది ఒక వితంతువుది. అంతకుముందు ఆమె అత్తగారిది. గోండు పల్లెలలో ఇప్పచెట్లు, నేల ఎవరిదైనా సరే, ఇళ్ళవారీగా పంచుకొని ఉంటవి. మార్చి, ఏప్రిలు నెలలలో తెల్లవారకముందునుండి పూవు రాలుతుంది. చెట్టు క్రింద ముందుగానే ఊడ్చి, ఎండుటాకు తగులబెట్టి, నేలను ఇంటి వాకిలిలాగ శుభ్రం చేసి ఉంచుతారు. పొద్దెక్కేలోపల పూవంతా ఏరి తెచ్చి ఎండబెడతారు. ఆ కొద్దివారాల పంట ఏడాది పొడుగునా ఉప్పుకూ నూనెకూ బట్టలకూ ఆసరా. పైగా ఆ పూవుకోసం అదే వేళకు ఎలుగుబంటి కూడ వస్తుంది. వంద మంది పిల్లలను ఏ చెట్టు క్రింద కూర్చోబెట్టరాదో ఆ చెట్టే మా పటానికి నడిబొడ్డు. అమ్మాయి ముఖం చిన్నబోయినది గాని, వాదించలేదు. పటాన్ని మడిచి, "అయితే ఏ చెట్టు ఎవరిదో ముందు చూపించమనండి మాస్టారూ" అన్నది. ఆమెపై నాకు గౌరవం కలిగినది ఆ క్షణంలోనే.

మరునాడు ఆ వృద్ధుడే ముందు నడిచినాడు. అడవిలో ఖాళీ చోటు అనేది లేదని ఆ ఉదయం తెలిసినది. సాజా చెట్టు, అనగా మన నల్లమద్ది, గోండులకు బడాదేవ్ నివాసం. దాని దాపున ఎంగిలి పడరాదు. వాగు ఒడ్డున ఎత్తయిన మానుకు కొండతేనె పట్లు వ్రేలాడుతున్నవి. వాటి క్రింద గాడిపొయ్యి రాజేయడమంటే పొగబెట్టి ఈగలను పిల్లలమీదికి పంపడమే. ఇక సాలవృక్షాల సంగతి. దీపాలు వ్రేలాడదీయడానికి మానులకు ఇనుప కొక్కేలు దిగగొట్టాలని పటంలో ఉన్నది. వృద్ధుడు వద్దన్నాడు. 1990ల చివరి సంవత్సరాలలో ఈ ప్రాంతపు సాలవనాలకు తొలుచుపురుగు పట్టి, అటవీశాఖవారు లెక్కలేనన్ని చెట్లను నరికించినారు. ఆ రోజులు అతనికి కళ్ళకు కట్టినట్టున్నవి. వానలు పడగానే ఆ పురుగు బయటికి వస్తుంది. గాయపడిన సాలపు మాను నుండి కారే రసం వాసన దానికి పిలుపు. పురుగును పట్టడానికి అటవీశాఖవారు వాడిన ఉపాయమూ అదే. కొన్ని మానులను నరికి, చితగ్గొట్టి, ఆ వాసనకు వచ్చి చేరిన పురుగులను ఏరించి చంపించేవారు. అందుచేత కొక్కేలు లేవు, వేళ్ళమీద సిమెంటు లేదు, దీపాలే లేవు. రాత్రి భోజనం వెలుతురుండగానే ముగించాలన్నారు. పిల్లలు అయిదున్నరకే తింటారు. పట్నవాసులకు ఇది కష్టంగా తోచవచ్చును. దీపం లేనిచోట విస్తరిలో పురుగు పడదన్న సంగతి మాత్రం మరువరాదు.

చివరకు ఇప్పచెట్టుకు నలభై అడుగులకు పైగా ఎడంగా, నాలుగు సాలవృక్షాల నడుమ ఒక వాలునేల కుదిరినది. ఇక వలయమా, వరుసా అన్న ప్రశ్న మిగిలినది.

నాకు ఈనాటికీ వలయం పక్షాన చెప్పదగిన మాట ఉన్నదనే అనిపిస్తుంది. వరుసకు మొదలు, చివర ఉంటవి, వలయానికి లేవు. బంతి మొదట కూర్చున్నవానికి మన సమాజం ఇచ్చే గౌరవం ఏపాటిదో పెళ్ళిళ్ళలో చూచినవారందరికీ తెలుసు. అయితే వాలునేల మీద వలయం గీస్తే అందులో సగంమంది ఎగువకో దిగువకో వాలి కూర్చోవలెను. ఆకులోని పప్పు నేలమీదికి పోతుంది. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో సాగే వరుసలో మాత్రమే విస్తరి నిలుస్తుంది. మేస్త్రీ పారదర్శకమైన గొట్టంలో నీళ్ళు నింపి, ఇటు ఒకడు, అటు ఒకడు పట్టుకొని, నీటి మట్టం చూచి మేకులు పాతించినాడు. ఆ మేకుల వెంబడి నాలుగు వరుసలు వచ్చినవి. మనిషికి రెండడుగుల చొప్పున ఇరవై అయిదుగురికి యాభై అడుగులు. రెండేసి వరుసలు ఎదురుబొదురుగా, వాటి నడుమ వడ్డించేవారు బకెట్టుతో తిరగడానికి ఆరడుగులు. వీపులు కలిసేచోట మూడడుగులు విడిచినారు; అది లేకపోతే ముందుగా తిని లేచిన పిల్లవాడు ఇంకొకరి విస్తరిని దాటిపోక తప్పదు. క్రింద మొరం పోసి దిమ్మిసతో కొట్టి, పైన పేడతో అలికినారు. పేరు కేవలం నేలే గాని, దాని వెనుక రెండు వారాల పని ఉన్నది.

వరుసకు మొదలు, చివర అన్న చిక్కును ఒక పదేళ్ళ బాలిక విడగొట్టినది. "ఒకరోజు ఇటునుండి, ఒకరోజు అటునుండి వడ్డించండి" అన్నది. అంతే.

ఆకుల విషయంలో అమ్మాయికీ ఊరివారికీ దుబాసీ అవసరం లేకపోయినది. అక్కడివారు మాహుల్ అనే పెద్దతీగ ఆకును ఆమె చేతిలోకి తీసికొని "ఇది మా అరకు అడ్డాకు కదా!" అన్నది. సాలపుటాకుతో దొన్నెలు, అడ్డాకుతో విస్తళ్ళు, కుట్టడానికి వెదురుపుల్ల. తిన్న తరువాత వాటిని ఎక్కడ వేయాలన్నది మాత్రం చిన్న సంగతి కాదు. ఎంగిలాకు పారవేసిన చోటికి అడవిపంది వస్తుంది, కొండముచ్చు వస్తుంది, ఎలుకలు చేరుతవి, ఎలుకల వెంట పాము వస్తుంది. కాబట్టి పంక్తికి దూరంగా, గాలి పోయే దిక్కున, మూతగల ఎరువుగుంట ఒకటి.

ఎంగిలి అన్న మాట దగ్గర అనువాదకుడు ఒక్క నిమిషం ఆగవలెను. ఇంగ్లీషులో దీనికి సరియైన మాట లేదు. హిందీలో ఉన్నది, జూఠన్. 1997లో ఓంప్రకాశ్ వాల్మీకి తన ఆత్మకథకు ఆ పేరే పెట్టుకొన్నాడు. పెళ్ళిభోజనాలు జరుగుతుంటే బయట బుట్టలు పెట్టుకొని కూర్చుని, తిని పారవేసిన ఆకులకోసం ఎదురుచూచిన వారి బిడ్డ ఆయన. ఆ పుస్తకం చదివిన తరువాత నాకు ఏ విందు బంతిని చూచినా దాని వెలుపల ఎవరైనా ఉన్నారా అని కన్ను వెతుకుతుంది. మండ్లాలో బుట్ట పట్టుకొని ఎవరూ నిలబడలేదు. కాని తడిక ఒకటి ఉన్నది.

పటంలో వంటచోటుకు ముందు ఆరడుగుల తడిక ఉన్నదని చెప్పినాను. అమ్మాయి ఉద్దేశం నిర్మలమైనది: పొగ రాకుండా, మసిగిన్నెలు కనబడకుండా ఉండాలని. ఆ మాటను నేను సభలో ఆడ్ అని హిందీ చేసినాను. గాలికి పెట్టేదీ ఆడే, చూపుకు పెట్టేదీ ఆడే. మన అడ్డం, చాటు రెండూ అందులో ఇమిడిపోతవి. పాఠశాలలో వంటచేసే ఆమె వెనుక వరుసలో కూర్చుని ఉన్నది. లేచి నిలబడి, "గాలికి అడ్డమా బాబూజీ, కళ్ళకు అడ్డమా?" అని అడిగినది.

సభ నిశ్శబ్దమైపోయినది. ఆమె దళిత స్త్రీ. ఆమె చేతి నీళ్ళు పుచ్చుకోని ఇళ్ళు ఆ ఊరిలో కొన్ని ఉన్నవి. బడిపిల్లలకు వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించినది. వంటవారి నియామకంలో దళితులకూ ఆదివాసులకూ ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్ 20న చెప్పినది. ఆ ఆదేశం వల్లనే ఆమెకు ఆ కొలువు దొరికినది. ఇరుకు చీకటి భోజనశాలలో ఆమె ఎవరికీ కనబడేది కాదు. గిన్నెలు కిటికీలోనుండి బయటికి వచ్చేవి, వడ్డన వేరొకరు చేసేవారు. ఆరుబయట కిటికీ లేదు. అందుకే తడికను అందరికంటె గట్టిగా సమర్థించినది బడి సమితిలోని ఒక పెద్దమనిషి. "కనబడకపోతే గొడవ ఉండదు. పిల్లలు తింటారు కదా, మనకు కావలసినదదే కదా?" అన్నాడు. ఆయనను దుర్మార్గుడని నేననను. ఎన్నో బడులలో పిల్లలు పస్తు లేకుండా గడిచిపోవడానికి ఇటువంటి చాటులే కారణమని ఆయన అనుభవం. తడిక తీస్తే ఊరిపిల్లలలో అయిదారుగురు తినడం మానవచ్చును. తడిక ఉంచితే ఆమె అక్కడ లేనట్టే అందరూ తింటారు. ఏది మేలు? ఈ ప్రశ్న నాకు తేలికగా తోచలేదు. ఆకలిగా ఉన్న పిల్లవాడిని సంస్కరణకు పావుగా వాడవచ్చునా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించినాను.

మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టిన చాపకూడు మన కథలలో వీరత్వంతో సమానంగా నిలిచినది. గురు అమర్‌దాస్ తనను చూడవచ్చినవారు ముందు లంగరు పంగత్‌లో కూర్చుని తినాలని నియమం పెట్టినాడు. కేరళలో సహోదరన్ అయ్యప్పన్ 1917లో చేరాయిలో మిశ్రభోజనం పెట్టించి తనవారి చేతనే నిందలు పడినాడు. వీరిలో ఎవరూ వంటవాడిని చాటున ఉంచి సహపంక్తి నడపలేదు. ఇక మన కార్తికమాసపు వనభోజనాల మాట చెప్పాలంటే నాకు సిగ్గు. ఉసిరిచెట్టు క్రింద ఊరంతా కలిసి తినాలని ఊహించిన పండుగ, ఈనాడు కులానికొక తోట, తోటకొక పందిరి, పందిరికొక సభాధ్యక్షుడుగా చీలిపోయినది. చెట్టు మారలేదు, పంక్తి మారినది.

మరునాటి సభలో అమ్మాయి ఒక కొత్త గీత గీసి తెచ్చినది. గాడిపొయ్యి నేలమట్టాన ఉంటుంది. మంటకు గాలి తగలకుండా చేయడానికి ఆరడుగుల తడిక అక్కరలేదు, రెండున్నర అడుగుల మట్టిగోడ చాలును. పొగ సంగతి దిక్కు చూసుకొంటుంది: శీతకాలపు గాలి అక్కడ ఎక్కువగా ఉత్తరంనుండి వీస్తుంది కనుక పొయ్యిని పంక్తికి దక్షిణాన పెట్టినది. పొయ్యి చుట్టూ పదిపన్నెండు అడుగులమేర ఎండుటాకు లేకుండా ఊడ్చిన వలయం, నిప్పు అడవిలోకి పాకకుండా. "గాలికి అడ్డం ఉన్నది, కళ్ళకు లేదు" అని నేను హిందీలో చెప్పినాను. వంటామె గోడ ఎత్తును చేత్తో గాలిలో కొలిచి చూచుకొని, "వడ్డన కూడ నేనే చేస్తాను" అన్నది. పెద్దమనిషి ఏమీ మాట్లాడలేదు. గ్రామసభ చేతులెత్తినది.

వేదిక మాటను నేను త్వరగా ముగిస్తాను, అది అంతకంటె ఎక్కువ మాటలకు తగదు. అధికారులు నేలమీద కూర్చోరని సమితివారి భయం. మోకాళ్ళ నొప్పుల ముసలివారు కూడ కూర్చోలేరని, పిల్లలను చూడవచ్చే బైగా తాతలూ అవ్వలూ ఉన్నారని వృద్ధుడు గుర్తుచేసినాడు. వేదిక పోయి, వరుసకు ఒక చివర పదహారు అంగుళాల ఎత్తు అరుగు వచ్చినది. మోకాళ్ళు వంగనివారందరికీ అది ఒకటే. తరువాత తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఒక బైగా అవ్వ ప్రక్కన ఆ అరుగుమీదనే కూర్చుని, ఆమె దొన్నెలోని పప్పు తన దొన్నెలోదానికంటె చిక్కగా ఉన్నదని పరిహాసమాడినట్టు విన్నాను.

2019 నవంబరులో మొదటి బంతి సాగినది. ఊరిపిల్లలలో ఏడుగురు ఇంటినుండి మూటలు కట్టుకొని వచ్చినారు. వారిని వేరుగా కూర్చోబెట్టలేదు. అదే వరుసలో, ఎవరి అడుగులలో వారు. వంటామె ప్రతిరోజూ వారి ముందు ఆగి, గరిటె చూపి, తల ఊపితే వడ్డించేది, లేకపోతే ముందుకు సాగిపోయేది. నెల తిరిగేసరికి నలుగురి మూటలు మాయమైనవి. ఇద్దరివి చాలాకాలం ఉన్నవి. ఒక బాలుణ్ణి తండ్రి బడి మాన్పించి దూరపు ఊరిలో చేర్చినాడు. ఆ పిల్లవాడు చక్కగా పాడేవాడని ఉపాధ్యాయిని చెప్పినది. ఈ లెక్కలో అతడినేమని రాయాలో నాకు తెలియదు.

2020 మార్చిలో బడులు మూతపడినవి. అలుకు లేని నేల రెండు వానలకు గడ్డి పట్టిపోయినది. మళ్ళీ పిల్లలు వచ్చి మేకులు వెదకి, మొరం పోసి, అలికి సరిచేసికొన్నారు. ఇప్పచెట్టు క్రింద ఆ వితంతువు పూవు ఏరుకొంటూనే ఉన్నది. ఏరే వేళకు పిల్లలను అటు పోనివ్వరు. వానాకాలం నాలుగు నెలలూ పంక్తి పాత శాల ప్రక్కన క్రొత్తగా వేసిన పెంకుల వసారాలోకి మారుతుంది. అక్కడ ఒక చిక్కు ఉన్నది. కప్పును మోసే మధ్యస్తంభం సరిగా వరుసమీద పడినది. దాని వెనుక కూర్చున్న పిల్లవాడు వడ్డించే ఆమెకు కనబడడు. రెండుసార్లు కూర వేయకుండానే దాటిపోయినదట. స్తంభం తీయవచ్చునా, లేక వరుసను జరపాలా అని అడుగుతూ పాఠశాలవారు వ్రాసిన ఉత్తరాన్ని నేను తెలుగు చేసి విశాఖపట్నం పంపినాను. ఆమె కొలతలు అడిగినది. స్తంభానికీ గోడకూ నడుమ ఎన్ని అడుగులో పిల్లలు కొలిచి పంపుతారు.